ఎముకల నియమాన్ని దర్శించిన వైద్యుడు – జూలియస్ వోల్ఫ్

ఎముక అనగానే మనలో చాలామందికి ఎండిన కట్టె వంటి గట్టి పదార్థం మనసులో మెదులుతుంది. గుండె కొట్టుకుంటుంది, ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, కండరాలు బిగుసుకుంటాయి. ఎముక మాత్రం వీటన్నిటినీ మోస్తూ చలనం లేక పడి ఉంటుందని భావిస్తాము. ఒకసారి నిలబెట్టిన స్తంభం వలె, ఎదుగుదల పూర్తయిన తరువాత అందులో మార్పు ఉండదని తలుస్తాము. ఈ భావన సరికాదు. ఎముక సజీవమైన కణజాలం. ఆరోగ్యవంతులైన పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం కరిగిపోయి, దాని స్థానంలో కొత్త ఎముక ఏర్పడుతూ ఉంటుంది. ఎక్కడ కరగాలి, ఎక్కడ కొత్తగా చేరాలి అన్నది చాలావరకు ఆ ఎముక మోసే బరువును బట్టి నిర్ణయమవుతుంది. స్తంభమే తనపై పడే భారాన్ని గమనించి, తనను తాను మళ్ళీ మళ్ళీ కట్టుకుంటున్నదన్న మాట.

ఈ సత్యాన్ని ఒక నియమంగా లోకం ముందు ఉంచిన వైద్యుడు జూలియస్ వోల్ఫ్. వైద్య విద్యార్థులు ఈనాటికీ దానిని వోల్ఫ్ నియమమనే పేరుతోనే చదువుకుంటున్నారు. ఎముక గణిత సూత్రాలకు లోబడి మారుతుందని ఆయన చాటారు. కాని ఆ గణితాన్ని మాత్రం రాసి ఇవ్వలేకపోయారు. ఆయన మరణించిన ఎన్నో దశాబ్దాలకు ఆ లెక్కను కంప్యూటర్లు చేసి చూపాయి. చూపినప్పుడు ఆయన చెప్పినదాంట్లో నిలిచినదేదో, నిలువనిదేదో కూడా తేలింది. ఆ మహనీయుని జీవితాన్నీ, ఆయన వెనుక ఆయన నియమం నడచిన దారినీ ఈ వ్యాసంలో మా విద్యార్థి పాఠకుల ముందు ఉంచదలచాము.

జూలియస్ వోల్ఫ్ 1836 మార్చి 21న పశ్చిమ ప్రష్యాలోని మార్కిష్ ఫ్రీడ్‌లాండ్ అనే చిన్న పట్టణంలో, ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ పట్టణం ఈనాడు పోలండ్ దేశంలో మిరోస్లావియెత్స్ అనే పేరుతో ఉన్నది. ఉన్నత విద్య కోసం ఆయన బెర్లిన్ చేరి, ఆ కాలపు శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడైన లాంగెన్‌బెక్ వద్ద శిష్యరికం చేశారు. 1860లో డాక్టరు పట్టం కోసం ఆయన సమర్పించిన పరిశోధన వ్యాసం కూడా జంతువులలో కొత్త ఎముకను పుట్టించడాన్ని గూర్చినదే. ఇరవై నాలుగేళ్ళ వయసులో పట్టిన ఆ విషయాన్ని ఆయన కడవరకు విడిచిపెట్టలేదు.

చదువు ముగిసిన పిదప వోల్ఫ్ బెర్లిన్‌లోనే వైద్యవృత్తి చేపట్టారు. అది యుద్ధాల కాలం. 1864లో డెన్మార్కుతోను, 1866లో ఆస్ట్రియాతోను, 1870–71లో ఫ్రాన్సుతోను ప్రష్యా జరిపిన మూడు యుద్ధాలలో ఆయన సైనిక శస్త్రవైద్యునిగా పనిచేశారు. యుద్ధరంగంలో వైద్యునికి ఎదురయ్యేవి తూటా గాయాలు, విరిగిన కాళ్ళు చేతులు. విరిగిన ఎముక ఎట్లా అతుకుతుంది, వంకరగా అతికితే ఏమవుతుంది అన్నవి ఆయనకు పుస్తకాలలోని ప్రశ్నలు మాత్రమే కాక, నిత్యం చేతికింద ఉన్న సమస్యలు కూడా అయినవి.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన బెర్లిన్‌లో కాక స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో జరిగింది. అందులో వోల్ఫ్ ప్రమేయమేమీ లేదు. 1866 ప్రాంతంలో అక్కడి విజ్ఞాన సంఘం సభలో హెర్మన్ మేయర్ అనే శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు తొడ ఎముక పైభాగాన్ని నిలువునా కోసి చూపించారు. తొడ ఎముక తల లోపలి భాగం గట్టి రాయి వలె నిండుగా ఉండదు. సన్నని ఎముక దూలాలు, పలకలు ఒకదానితో ఒకటి అల్లుకొని జల్లెడ వలె ఉంటుంది. ఈ అల్లిక చిందరవందరగా లేదనీ, అందులో వంపు తిరిగిన వరుసలు కనిపిస్తున్నాయనీ మేయర్ గమనించారు. ఆ సభలో కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు కూడా ఉన్నారు. వంతెనలు, క్రేనుల మీద పడే బలాలను గీతల ద్వారా లెక్కించే పద్ధతిని అభివృద్ధి చేసినవారాయన. తరువాతి కాలంలో పారిస్‌లోని ఐఫెల్ గోపురానికి రూపకల్పన చేసిన మోరిస్ కోష్లాన్ ఈయన శిష్యుడే. ఎముకలోని వరుసలను చూడగానే కుల్మన్‌కు తాను క్రేను కోసం గీసే గీతలు జ్ఞాపకం వచ్చాయి.

ఆ గీతలేమిటో ఇక్కడ కొంత వివరించడం అవసరం. తల వంచి నిలబడిన ఒక క్రేను కొక్కెానికి బరువు తగిలించామనుకుందాము. దాని లోపలి వంపు వైపు ఉన్న పదార్థం నొక్కుడుకు లోనవుతుంది. వెలుపలి వంపు వైపున ఉన్నది సాగతీతకు లోనవుతుంది. క్రేను లోపల ఏ బిందువును తీసుకున్నా, అక్కడ ఒక దిశలో కేవలం లాగుడో నొక్కుడో ఉంటుంది. దానికి లంబంగా మరొక అటువంటి దిశ ఉంటుంది. ఈ దిశలను వరుసగా కలుపుతూ పోతే రెండు కుటుంబాల వక్రరేఖలు ఏర్పడి, ఒకదానినొకటి లంబంగా ఖండించుకుంటాయి. వీటిని ప్రతిబల రేఖలంటారు. పదార్థాన్ని ఈ రేఖల వెంట పేర్చినట్లయితే తక్కువ సామగ్రితో ఎక్కువ బరువు మోయించవచ్చును. తొడ ఎముక ఆకారం గల క్రేనుకు ఇటువంటి రేఖలను తన విద్యార్థుల చేత గీయించినప్పుడు, ఎముకలోని దూలాల వరుసలకు, ఈ రేఖలకు ఆశ్చర్యకరమైన పోలిక కనిపించింది. మేయర్ ఈ విషయాన్ని 1867లో ప్రచురించారు.

ఆ వ్యాసాన్ని చదివినవారిలో వోల్ఫ్ ఒకరు. మేయర్ దానిని ఒక అందమైన పోలికగా చూశారు. వోల్ఫ్‌కు అందులో ఒక నియమం కనిపించింది. ఆయన ఎముకలను అతి పలుచని రేకులుగా కోయించి పరిశీలించారు. 1870లో ఎముకల అంతర్నిర్మాణాన్ని గూర్చి ఒక సుదీర్ఘ వ్యాసం ప్రకటించి, ఎముక దూలాలు ప్రతిబల రేఖల వెంటనే ఏర్పడతాయని వాదించారు. కాని ఎంత గొప్ప పోలిక అయినా అది కారణాన్ని తెలుపదు. పుట్టుకతోనే ఎముకకు ఆ రూపం వచ్చిందేమో, బరువుతో దానికి నిమిత్తం లేదేమో అని ఎవరైనా ప్రశ్నించవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానం విరిగి వంకరగా అతికిన ఎముకలలో ఉన్నది.

ఒక మనిషి కాలు విరిగి, ఎముక పక్కకు వాలి అతికిందనుకుందాము. అతడు తిరిగి నడవడం మొదలుపెట్టిన తరువాత బరువు పాత మార్గాన పోదు. కొత్త మార్గం పడుతుంది. అటువంటి ఎముకలను వోల్ఫ్ సేకరించి కోసి చూశారు. విరిగిన చోట మాత్రమే కాక, దెబ్బ తగలని దూరభాగాలలో కూడా లోపలి దూలాలు కొత్త వరుసలలో అమరి ఉన్నాయి. పనిలేని చోట పాత దూలాలు సన్నబడి కరిగిపోయాయి. పుట్టుకతో వచ్చిన రూపమే శాశ్వతమైనదైతే ఈ మార్పు జరగడానికి వీలులేదు. వంకర ఎముకలే వోల్ఫ్ వాదానికి బలమైన సాక్షులైనవి. ఈ పరిశీలనలనన్నిటినీ కూర్చి 1892లో ఆయన తమ ప్రధాన గ్రంథాన్ని బెర్లిన్‌లో ప్రకటించారు. ఎముక చేసే పని మారితే మొదట దాని లోపలి అమరిక, ఆపైన దాని బాహ్య ఆకారం గణిత నియమాలను అనుసరించి మారతాయన్నది ఆ గ్రంథ సారాంశం.

వోల్ఫ్ కేవలం సిద్ధాంతకర్త కారు, ఆయన వైద్యుడు. బరువు మారితే ఎముక మారుతుందన్నది నిజమైతే, బరువును మనమే క్రమంగా మార్చి ఎముకను సరిచేయవచ్చును గదా! పాదం లోపలికి మెలి తిరిగి పుట్టిన పిల్లలకు ఆయన ఈ మార్గాన చికిత్స చేశారు. పాదాన్ని ఒక్కసారిగా బలవంతాన తిప్పక, దశలవారీగా కొంచెం కొంచెం సరిచేస్తూ, కట్లు మారుస్తూ, కట్టుతోనే పిల్లవాడిని నడిపించే పద్ధతి ఆయనది. చికిత్స చేసే పనిని సగం ఆ పిల్లవాడి నడకకే అప్పగించారని చెప్పవచ్చును.

వోల్ఫ్ 1868లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో బోధనార్హత పొందారు. 1884లో ప్రొఫెసర్ అయ్యారు. ఆనాటి ప్రష్యాలో యూదులకు విశ్వవిద్యాలయాలలో పూర్తి ఆచార్యపీఠం లభించడం బహు అరుదు. వోల్ఫ్ కూడా ఆ పీఠాన్ని అధిష్ఠించలేదు. అయినను ఆయన తమకు అందుబాటులో ఉన్నంత మేరకు సంస్థను నిర్మించుకున్నారు. 1890లో ఎముకల, కీళ్ళ చికిత్స కోసం ఆయన ప్రారంభించిన వైద్యశాల తరువాత విశ్వవిద్యాలయ వైద్యశాలగా గుర్తింపు పొందింది. అంతవరకు సాధారణ శస్త్రచికిత్సలో ఒక మూలన ఉండిన ఎముకల వైద్యం ప్రత్యేక శాఖగా నిలదొక్కుకోవడానికి దోహదం చేసినవారిలో ఆయన ఒకరు. 1902 ఫిబ్రవరి 18న బెర్లిన్‌లో వోల్ఫ్ కన్నుమూశారు.

ఒక శాస్త్రజ్ఞుని జీవితం ఆయన మరణంతో ముగియదు. ఆయన చెప్పిన మాట పరీక్షకు నిలిచినంత కాలం అది సాగుతూనే ఉంటుంది. వోల్ఫ్ మాటకు పరీక్ష తేలికగా జరగలేదు. నియమమని చెప్పారు, ఎంత బరువుకు ఎంత ఎముక అన్న లెక్క ఏది? మారుతుందని చెప్పారు, మార్చేది ఎవరు? ఈ రెండవ ప్రశ్నకు వోల్ఫ్ సమకాలికుడైన విల్‌హెల్మ్ రూ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1881లోనే ఒక దారి చూపారు. శరీరంలో ఇంజనీరు వలె పైనుండి ఆజ్ఞాపించేవారెవరూ లేరు. ప్రతి కణం తనకు తగిలిన ప్రేరణను బట్టి తన చోట తాను పనిచేస్తే మొత్తం నిర్మాణం దానంతటదే కుదురుతుందన్నది ఆయన భావన. అయితే వేలాది చోట్ల ఏకకాలంలో జరిగే ఇటువంటి పనిని కాగితం మీద లెక్కించడం మానవసాధ్యం కాదు. ఈ కారణం చేత ఆ ప్రశ్నలు చాలాకాలం అట్లే మిగిలాయి.

1950ల నుండి విమానాల రెక్కలు, వంతెనలు ఎంత బరువుకు తట్టుకుంటాయో తెలుసుకోవడానికి ఇంజనీర్లు ఒక కొత్త పద్ధతిని వాడసాగారు. వస్తువును కంప్యూటర్‌లో వేలాది చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కలో ఎంత ప్రతిబలం, ఎంత వికృతి కలుగుతున్నదో లెక్కించడమే ఈ పద్ధతి. 1972లో నెదర్లాండ్స్ పరిశోధకులు దీనిని తొడ ఎముకకు వర్తింపజేశారు. 1976లో స్టీఫెన్ కోవిన్, హెగెడస్ అనేవారు బరువును బట్టి తన సాంద్రతను మార్చుకునే పదార్థానికి సమీకరణాలు రాశారు. ఈ రెండు మార్గాలు కలిసినప్పుడు, 1987 నాటికి నెదర్లాండ్స్‌లో రిక్ హాయిస్కెస్ బృందము, అమెరికాలో డెన్నిస్ కార్టర్ బృందము ఎముక తనను తాను మార్చుకునే తీరును కంప్యూటర్‌లో అనుకరించగలిగారు.

ఆ లెక్క జరిగే తీరు సూత్రప్రాయంగా సరళమైనదే. తొడ ఎముక ఆకారాన్ని కంప్యూటర్‌లో గీసి, లోపలంతా ఒకే సాంద్రత గల పదార్థంతో నింపుతారు. నడిచేటప్పుడు తుంటి కీలుపై శరీర బరువుకు రెట్టింపు కంటె ఎక్కువ భారం పడుతుంది. కండరాలు మరొక వైపు లాగుతాయి. ఈ బలాలను ఎముక నమూనాపై మోపుతారు. ప్రతి చిన్న ముక్కలోను, దానిలోని పదార్థంతో పోల్చి, ఎంత వికృతి శక్తి నిలువ ఉన్నదో లెక్కిస్తారు. నిర్ణీతమైన ప్రమాణం కంటె అది ఎక్కువైతే ఆ ముక్క సాంద్రతను కొంచెం పెంచుతారు. తక్కువైతే కొంచెం తగ్గిస్తారు. ప్రమాణానికి దగ్గరగా ఉంటే ముట్టుకోరు. సాంద్రత మారింది కనుక బలాల పంపకం కూడా మారుతుంది. కావున మళ్ళీ లెక్క, మళ్ళీ మార్పు. ఇట్లా వందలసార్లు సాగిన మీదట, ఏకరీతిగా ఉన్న ఆ బొమ్మలో నడుమ మజ్జ ఉండే గొట్టం వంటి ఖాళీ, దాని చుట్టూ దట్టమైన గోడలు, తల భాగంలో బరువు నడిచే దారి వెంట చిక్కని ఎముక వాటంతట అవే తేలాయి. ఆ రూపాన్ని గీయమని కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు. చెప్పినది ఒక్క చిన్న నియమమే.

అయితే ఈ విజయంలో ఒక చిక్కు దాగి ఉన్నది. 1992లో వైనాన్స్, హాయిస్కెస్ తదితరులు తమ నమూనాలనే నిశితంగా పరీక్షించగా, లెక్క చాలాకాలం సాగితే ప్రతి ముక్క పూర్తిగా నిండిపోవడమో, పూర్తిగా ఖాళీ కావడమో జరిగి, చదరంగపు పలక వంటి గళ్ళు ఏర్పడుతున్నాయని తెలిసింది. అటువంటి ఎముక ప్రకృతిలో లేదు. పక్క ముక్కతో సంబంధం లేకుండా ప్రతి ముక్క తన లెక్క తాను చూసుకోవడమే ఈ దోషానికి మూలం.

సజీవమైన ఎముకలో కణాలు అట్లా ఒంటరిగా లేవు. గట్టిపడిన ఎముక లోపల చిక్కుకొని ఉండే అస్థికణాలు అతి సన్నని తీగల ద్వారా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. భారాన్ని పసిగట్టేవి ఇవేనని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. హాయిస్కెస్ బృందం 2000 సంవత్సరంలో ప్రకటించిన నమూనాలో ఒక్కొక్క అస్థికణం పంపే సంకేతం దూరం పెరిగే కొద్దీ క్షీణిస్తుంది. సంకేతాల మొత్తం చాలినంత ఉన్నచోట ఎముకను కట్టే కణాలు పనిచేస్తాయి. కరిగించే కణాలు ఉపరితలంపై అక్కడక్కడ తవ్వుతూ పోతాయి. ఈ కొద్దిపాటి నియమాలతో కంప్యూటర్‌లో ఎముక దూలాల అల్లిక ఏర్పడి, బరువు వచ్చే దిశకు అభిముఖంగా నిలిచింది. పరిశోధకులు బరువు దిశను పక్కకు తిప్పారు. అల్లిక కూడా క్రమంగా కరిగి, పేరుకొని, ఆ కొత్త దిశకు తిరిగింది. వంకరగా అతికిన ఎముకలలో వోల్ఫ్ చూసినది సరిగ్గా ఇదే. ఏ కణానికీ ప్రతిబల రేఖ అంటే ఏమిటో తెలియదు. ఆ రేఖలు కణాల పని నుండి పుట్టుకువస్తాయి. రూ ఊహ ఇక్కడ వోల్ఫ్ పరిశీలనకు తోడు నిలిచింది.

ఈ వెలుగులో వోల్ఫ్ పొరపాట్లను కూడా చెప్పుకోవడం న్యాయం. ఎముక దూలాలు ఎల్లప్పుడూ లంబంగానే ఖండించుకుంటాయని ఆయన పట్టుపట్టారు. నిజమైన ఎముకలో కోణాలు మారుతూ ఉంటాయి. నిండైన క్రేనులోని రేఖలను జల్లెడ వంటి ఎముకకు నేరుగా అన్వయించడం చెల్లదని, సమీకరణాలు రాసిన కోవిన్ గారే తరువాత ఎత్తిచూపారు. రేఖాగణితపు పోలిక కొంత కూలింది. భారానికి తగినట్లు ఎముక మారుతుందన్న మూలసత్యం మాత్రం నిలిచింది.

ఇదంతా ప్రయోగశాలకు పరిమితమైన చర్చ అనుకోరాదు. తుంటి కీలు అరిగినవారికి తొడ ఎముకలో లోహపు కాడ అమరుస్తారు. టైటానియం మిశ్రమ లోహం ఎముక కంటె సుమారు 5 రెట్లు బిరుసైనది. ఉక్కు 10 రెట్లు. బరువును లోహమే మోస్తే చుట్టూ ఉన్న ఎముకకు పని తగ్గి, అది పలుచబడుతుంది. ఏ ఆకారం గల కాడ చుట్టూ ఎంత ఎముక తరుగుతుందో రోగి శరీరంలో అమర్చక ముందే కంప్యూటర్‌లో అంచనా వేయడం ఈ నమూనాల వలన సాధ్యమైంది. హాయిస్కెస్ 1987లో తమ నమూనాను వాడినది ఇటువంటి కృత్రిమ కీళ్ళ పరీక్ష కొరకే. భూమ్యాకర్షణ బరువు తెలియని రోదసిలో నెలల తరబడి ఉన్న వ్యోమగాములు తుంటి భాగంలో నెలకు 1 నుండి 1.5 శాతం వరకు ఎముకను కోల్పోయారు. దీనికి విరుద్ధంగా, 1977లో 84 మంది వృత్తి టెన్నిస్ క్రీడాకారులను పరీక్షించగా, పురుషులలో బ్యాటు పట్టే చేతి పై ఎముక గోడ మందం రెండవ చేతి కంటె సుమారు 35 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఒకే దేహం, ఒకే ఆహారం, ఒకే రక్తం. రెండు చేతులకూ తేడా పని ఒక్కటే.

విద్యార్థి మిత్రులారా! మానవుని ఎముకల నిధి ముప్పయ్యో ఏటికి దాదాపు నిండుతుంది. ఆ తరువాత దానిని కాపాడుకోవడమే గాని పెద్దగా పెంచుకోవడం ఉండదు. మన ఇళ్ళలో వృద్ధులైన తల్లులు చిన్న జారుపాటుకే తుంటి విరిగి మంచాన పడడం మనం చూస్తూనే ఉన్నాము. కావున ఆటస్థలానికి వెళ్ళే వయసులో వెళ్ళడం, నడవగలిగిన దూరం నడవడం కేవలం కాలక్షేపం కాదు. మా కళాశాల కమిటీ పెద్దలు గ్రంథాలయంతో పాటు ఆటస్థలాన్ని కూడా, అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా, విద్యలో భాగంగా చూడవలెనని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాము.

విజ్ఞాన విద్యార్థులకు మరొక మాట. ఒక వైద్యుడు, ఒక శరీర శాస్త్రజ్ఞుడు, ఒక వంతెనల ఇంజనీరు, ఆపైన గణితజ్ఞులు, కంప్యూటర్ నిపుణులు ఒకే తొడ ఎముక చుట్టూ చేరితే గాని ఈ నియమం తెలియరాలేదు. భారాన్ని అస్థికణం సరిగ్గా ఏ విధంగా పసిగడుతుందన్నది ఈనాటికీ పరిశోధనలోనే ఉన్నది. జీవశాస్త్రం తీసుకున్నవారు లెక్కలను, లెక్కలు తీసుకున్నవారు జీవశాస్త్రాన్ని పరాయివిగా చూడకుండా ఉంటే, వోల్ఫ్ వదలివెళ్ళిన లెక్కలో మిగిలిన భాగాన్ని పూర్తిచేసేవారు మన విద్యార్థులలో నుండి కూడా రాగలరని మా విశ్వాసం.